చాక్‌పీసు డబ్బా మీద ఎవరి పేరు?

ప్రశ్న: మాస్టారూ, నేను 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచరుగా వచ్చాను. నెల్లూరు జిల్లా మెట్టప్రాంతంలో, వింజమూరు అవతల ఒక మండల పరిషత్ ప్రైమరీ (ఎంపీపీ) స్కూలు. ఒకటి నుంచి ఐదు దాకా 38 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. మొన్న పేరెంట్స్ మీటింగులో ఒకాయన లేచి, ‘ఏంది టీచరమ్మా, ఉండేది ముప్పై మంది పిల్లకాయలు. గవర్మెంటు కోట్లు కోట్లు పోస్తా ఉంది మీ ఇస్కూళ్ళకి. యాడికి పోతన్నయ్యి ఆ దుడ్లన్నీ?’ అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నోట మాట రాలేదు. మా హెచ్‌ఎం మేడం ‘రాజకీయాలు మనకెందుకు, జీతం పడుతోందిగా, వదిలెయ్’ అంటారు. యూనియన్ వాళ్ళు సభ్యత్వం తీసుకోమని వెంటపడుతున్నారు. మా ఆయనేమో వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క ముక్క రాయొద్దని ఒట్టేయించుకున్నాడు. ప్రభుత్వం మారినప్పుడల్లా బడి తలకిందులవుతుంటే నాలాంటిదానికి ఒక అభిప్రాయం ఉండి ఏం లాభం? ఉంటే ఎక్కడ చెప్పాలి?
– ఒక టీచరు, ఉదయగిరి నియోజకవర్గం

సమాధానం:

అమ్మా,

ముందు ఆ పెద్దమనిషికి ఒక దణ్ణం పెట్టుకో. 1989లో కలిగిరి మండలంలో చేరిన రోజు నుంచి 2023లో రిటైరయ్యేదాకా తల్లిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ గుర్తు చేసుకున్నాను. ‘అయ్యోరా, టీసీ ఎప్పుడిస్తావు’, ‘ఆధార్‌లో పాప పేరు తప్పు పడిందంట’, ‘మావోణ్ణి కొట్టినా ఏమనం, నాలుగక్షరాలు రావాల’. ఇవే. ప్రభుత్వం డబ్బు యాడికి పోతోందని నిలదీసినవాడు ఒక్కడూ లేడు. నీకు మొదటి ఏడాదిలోనే దొరికాడు. ఆయన వెటకారంగానే అడిగి ఉండొచ్చు. అయినా అది జవాబున్న ప్రశ్న. ఆ జవాబు నీ దగ్గర లేకపోవడమే నిన్ను బాధపెట్టింది, ఆయన మాట కాదు.

పెద్ద లెక్క ముందు చూద్దాం. 2025-26 రాష్ట్ర బడ్జెట్ సుమారు 3.22 లక్షల కోట్లు. అందులో పాఠశాల విద్యకు చూపించింది 31,805 కోట్లు. దాదాపు పదో వంతు. ఆయన అన్న కోట్లు అబద్ధం కాదు. ఆ మొత్తంలో పెద్ద భాగం జీతాలకే పోతుంది. ఇది చెప్పడానికి మనవాళ్ళు ఎందుకో సిగ్గుపడతారు. సిగ్గెందుకు? బడి అంటే పిల్లల ముందు ఒక మనిషి నిలబడటం. ఆసుపత్రిలో డాక్టరు జీతం రోగి మీద పెట్టిన ఖర్చు కాదని ఎవరూ అనరు. నీ బేసిక్ 32,670 అని ఆయనకు చెప్పు, దాపరికం లేదు. దాంతోపాటే ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా 18 సబ్జెక్టులు ఉన్నాయనీ, అవన్నీ ఇద్దరే చెప్పాలనీ, మేడం మీటింగుకు పోయిన రోజు ఒక్కదానివే చెప్పాలనీ కూడా చెప్పు. విద్యాహక్కు చట్టం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది. ఆ చట్టం తల లెక్కపెట్టింది, తరగతి లెక్కపెట్టలేదు.

ఇప్పుడు చిన్న లెక్క. ఆయనకు కావలసింది అసలు ఇదే. 38 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 25,000. 31 నుంచి 100 మంది దాకా ఇదే మొత్తం. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిలు, కరెంటు బిల్లు, ఊడిపోయిన ట్యాపు, అన్నీ ఇందులోనే. పదో వంతు పారిశుద్ధ్యానికి పక్కన పెట్టాలి. 220 పనిదినాలు అనుకుని భాగించి చూడు. ఒక్కో బిడ్డకు రోజుకు మూడు రూపాయలు. మీ ఊళ్ళో టీ ఎంతో నాకు తెలియదు గానీ మూడు రూపాయలకైతే రాదు.

ఇంకో మెలిక ఉంది. పిల్లలు 30కి తగ్గితే ఆ గ్రాంటు 10,000కు పడిపోతుంది. ఎనిమిది మంది ప్రైవేటు బడి వ్యానెక్కి పోతే చాలు. ఫ్యాన్లు అవే, ట్యూబులైట్లు అవే, బాత్రూములు అవే. డబ్బు మాత్రం సగం కూడా కాదు. చిన్న బడి ఎందుకు చిక్కిపోతుందంటే పిల్లలు పోవడం వల్ల డబ్బు పోతుంది, డబ్బు పోవడం వల్ల బడి మాసిపోతుంది, మాసిన బడి చూసి ఇంకో ఇద్దరు పోతారు. ఆ గ్రాంటులో కేంద్రం వంతు 60, రాష్ట్రం వంతు 40. కేంద్రం విడత ఆలస్యం చేసినా, రాష్ట్రం తన వాటా కలపడం ఆలస్యం చేసినా ఆగేది మన బడి ఖాతానే. కొన్నేళ్ళు ఏడాది చివర్లో పడేది, మార్చి 31 లోపల ఖర్చు పెట్టమని ఫోన్లు. జూన్‌లో కావలసిన చాక్‌పీసులు మార్చిలో కొనేవాణ్ణి.

అదే 38 మంది పిల్లలకు తల్లికి వందనం కింద, అందరికీ అర్హత ఉందనుకుంటే, ఒక్కొక్కరికి 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడేది 4,94,000. పథకం 15,000, అందులో 2,000 బడుల నిర్వహణకని పట్టుకుంటారు. ఊరి తల్లులకు ఐదు లక్షలు, బడి ఖాతాకు పాతిక వేలు. ఆ తల్లుల డబ్బు మీద నాకు ఈర్ష్య లేదు. ఆ డబ్బుతో పిల్లకు చెప్పులు కొన్న ఇంటినీ చూశాను, కరెంటు బకాయి కట్టుకున్న ఇంటినీ చూశాను. రెండూ అవసరాలే. కానీ ఆ పథకం ప్రైవేటు బడి వ్యానెక్కే పిల్ల తల్లికీ అంతే ఇస్తుంది. గత ప్రభుత్వం అమ్మ ఒడి అన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. సర్కారు డబ్బు తల్లి ఖాతాలో పడి, అక్కడి నుంచి ప్రైవేటు బడి ఫీజు కౌంటరుకు పోయే దారి ఒకటి ఉంది. దాన్ని రెండు ప్రభుత్వాలూ వేశాయి, రెండూ మూయలేదు.

దీని వెనకున్న సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పేరు పెట్టడానికి వీలున్న ఖర్చుంటుంది, వీల్లేని ఖర్చుంటుంది. బ్యాగు మీద పేరు పెట్టొచ్చు. ఖాతాలో పడే డబ్బుకు పేరు పెట్టొచ్చు. బిల్డింగుకు రంగు వెయ్యొచ్చు. బాత్రూములు కడిగే ఆయమ్మ జీతానికి ఏం పేరు పెడతారు? చాక్‌పీసు డబ్బా మీద ఎవరి బొమ్మ వేస్తారు? మూడో తరగతికి విడిగా ఒక టీచరును ఇస్తే, ఆ టీచరమ్మ నెత్తిన ఫ్లెక్సీ కట్టలేరు కదా. అందుకని పేరున్న ఖర్చు బడ్జెట్ ప్రసంగంలో పొంగుతుంది, పేరు లేనిది ఫైళ్ళలో ఎండుతుంది. బ్యాగులు, పుస్తకాలు ఇచ్చే విద్యా కానుక పోయి విద్యార్థి మిత్ర వచ్చింది. గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం వచ్చింది. గుడ్డు అదే గుడ్డు, వండే ఆమెకు నెలకు అదే 3,000. 2019లో వెయ్యి నుంచి మూడు వేలు చేశారు, దానికి సంతోషించాం. ఆ తరవాత పేర్లు మారాయి, ఆ అంకె కదల్లేదు. బిల్లు ఆలస్యమైతే ఆమె ఊళ్ళో కిరాణా కొట్లో అప్పు పెట్టి పిల్లలకు పప్పు వండుతుంది. ప్రభుత్వ పథకాన్ని రెండు మూడు నెలలు నడిపించేది ఆ కొట్టు చిట్టా పుస్తకమే.

రాజకీయాలు మనకెందుకు అని మీ మేడం అన్నారు. గడప దాటి రాజకీయాలే లోపలికి వస్తే ఏం చేస్తాం? ప్రభుత్వం మారిన నెలలోపే మా ఊళ్ళో మొదట మారేది వంట ఏజెన్సీ. ఎన్నేళ్ళుగానో వండుతున్నామె చేతి గరిటె లాగేసి మన పార్టీ ఆమెకు ఇవ్వమని మనుషులు వచ్చేవాళ్ళు. తరవాత స్కూలు కమిటీ ఛైర్మన్ మారతాడు. ఛైర్మన్ ఆడమనిషి అయితే మీటింగుకు ఆమె మొగుడు వస్తాడు. ఇంతా చూసి చూసి మేడం అలా మాట్లాడుతున్నారని నా అనుమానం. ఆమె మీద చిన్నచూపు వద్దు. బాత్రూము ఫొటోలు తీసి యాప్‌లో పెట్టమన్న రోజులు, 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేయమన్న రోజులు, సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని చెట్టెక్కినంత పని చేసిన రోజులు, అన్నీ ఆమె దాటి ఉంటారు. అలసటను చాలామంది తెలివి అనుకుంటారు. అది అలసటే.

మంచి జరగలేదని కాదు. 2019 నవంబరు 14న మన పక్కనే ఒంగోలులో బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది. మొదటి విడతలో 15,715 బడులు. నా బడికి కాంపౌండు, ఫ్యాన్లు, నీళ్ళొచ్చే బాత్రూములు వచ్చాయి. ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తకుండా సాయంత్రం దాకా బళ్ళో ఉండటం చూశాను. దాన్ని ఎవరు చేశారో వాళ్ళ పార్టీ నాకు నచ్చకపోయినా ఆ మాట చెప్పాలి. రెండో విడతలో పిల్లర్లు లేచి ఆగిపోయిన గదులు చాలాచోట్ల కనబడతాయి, ఆ మాటా చెప్పాలి. కట్టడానికి పేరుంటుంది కనుక డబ్బుంటుంది. కట్టినదాన్ని నడపడానికి పేరు లేదు. తాగునీటి ప్లాంటు ఫిల్టరు మార్చడానికి నేను జేబులోంచి పెట్టిన డబ్బు ఏ ప్రభుత్వం లెక్కలోనూ లేదు.

ఇప్పుడు కాస్త చేదు మాట. ఇది మన టీచర్ల గురించి.

2022 ఫిబ్రవరి 3న ఛలో విజయవాడకు నేనూ పోయాను. దారిలో పోలీసులు ఆపుతారని రాత్రే బయల్దేరి, లుంగీ కట్టుకుని పెళ్ళివారిలాగా బస్సెక్కి. అప్పుడు మా కోపం పీఆర్సీ, అంటే జీతాల సవరణ మీద. మధ్యంతర భృతి 27 శాతం ఇచ్చి, ఫిట్‌మెంట్ (అసలు పెంపు) 23 అంటే ఎవరికి మండదు? న్యాయమైన కోపమే. రోడ్డు పట్టనంత మంది వచ్చారు. సరిగ్గా నాలుగు నెలలకు, జూన్‌లో, 117 జీవో వచ్చింది. ప్రైమరీ స్కూలు నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులు తీసి కిలోమీటరులోపు ఉన్న హైస్కూలుకు పంపమంది. సబ్జెక్టు టీచర్లు చెబుతారు, మంచిదేగా అన్నారు. కాగితం మీద మంచిదే. మా ఊళ్ళో ఆ కిలోమీటరు మధ్యలో లారీలు తిరిగే రోడ్డు ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఎట్టా దాటాల? ఎటూ బడి మారాల్సిందే కదా అని కొందరు ఇంటిముందుకొచ్చే ప్రైవేటు వ్యానెక్కించారు. మిగిలిన తల్లులు వచ్చి బడి గేటు ముందు కూర్చున్నారు. మేం లోపల కూర్చుని రిజిస్టర్లు సర్దుతున్నాం. ఒకామె గేటు సందులోంచి, ‘జీతానికైతే బెజవాడ దాకా పోయినారే, మా బిడ్డలకి గేటు దాకా కూడా రారా అయ్యోరా?’ అంది.

యూనియన్లు తరవాత ఆ జీవో మీద పోరాడాయి, కాదనను. 2025 మేలో దాన్ని రద్దు చేసి కొత్త జీవోలు ఇచ్చారు, మోడల్ ప్రైమరీ స్కూళ్ళన్నారు, తరగతికో టీచరన్నారు. ఆ మాట వరకు నూటికి నూరుపాళ్ళు సరైనది. కానీ మూడేళ్ళలో వ్యానెక్కిపోయిన పిల్లలు జీవో రద్దయిందని దిగి రాలేదు. ఊళ్ళో వాళ్ళు నవ్వారన్నావే, ఆ నవ్వులో నీ తప్పేమీ లేదు. అది మా తరం బాకీ, నీ ఖాతాలో పడింది.

అందుకే యూనియన్ సభ్యత్వం తీసుకో. ఏ యూనియన్ అన్నది నేను చెప్పను. నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి, 1964 నాటి ప్రవర్తనా నియమావళి నీకు వర్తిస్తుంది. ప్రభుత్వ విధానాన్ని బయట విమర్శిస్తే మెమో వస్తుంది. నువ్వు ఒక్కదానివి అనలేని మాటను సంఘం అనగలదు. కాబట్టి వాట్సాప్ విషయంలో మీ ఆయన చెప్పింది సగం నిజం. గ్రూపులో రాసింది స్క్రీన్‌షాట్‌గా ఎక్కడికి పోతుందో తెలియదు. పోనీ పోయినా దానివల్ల ఒక్క చాక్‌పీసు రాదు. సభ్యత్వం తీసుకున్నాక మండల మీటింగుకు పోయి కూర్చో. డీఏ బకాయిల గురించి గంట మాట్లాడతారు, విను, నీకూ రావాల్సినవే. చివర్లో లేచి, మన మండలంలో ముప్పై లోపు పిల్లలున్న బడులెన్ని, వాటికి గ్రాంటెంత అని అడుగు. మొదటిసారి ఎవరూ చెప్పలేరు. రెండోసారికి ఒకరు లెక్క తెస్తారు.

టీచర్ ఎమ్మెల్సీ ఉన్నాడుగా అంటావేమో. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు పాత జిల్లాలకు కలిపి తూర్పు రాయలసీమ టీచర్ల నియోజకవర్గం ఒకటి ఉంది. అందులో నీకు ఓటు లేదు. ఆశ్చర్యపోకు. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం హైస్కూలు స్థాయికి తగ్గని చోట మూడేళ్ళు పనిచేసినవాళ్ళకే ఆ ఓటు. అక్షరాలు దిద్దించే ఎస్జీటీ ఆ లెక్కలో టీచరు కాదు. ఓటడిగేవాడికి ప్రైమరీ బడి ఎందుకు గుర్తురాదో ఇప్పుడు తెలిసిందా? ఆ ఓటు కావాలని అడగడం కూడా నీ సంఘం పనే.

నీకు ఓటున్న చోటు, అంటే నీ మాట చెల్లే చోటు, వేరే ఉంది. స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీ. విద్యాహక్కు చట్టం 21, 22 సెక్షన్లు తీసి చదువు. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం ఆడవాళ్ళు. బడికి ఏం కావాలో ప్రణాళిక రాసేది ఆ కమిటీ. ఆ ప్రణాళిక ఆధారంగానే గ్రాంటులు ఇవ్వాలని చట్టం అంటుంది. మన దగ్గర జరిగేదేమిటి? తీర్మానాల పుస్తకం ఇంటింటికీ పంపి సంతకాలు, వేలిముద్రలు తెప్పించుకుంటాం. నేనూ చేశాను. ఆ పుస్తకంలో రాసింది తల్లులు చదవలేదు, నేను చదివి వినిపించలేదు.

లెక్క తెలిసిన తల్లులు ఏం చేయగలరో చెబుతాను. సారా మీద ఉద్యమం లేచిన దూబగుంట నీకు దూరమేం కాదు, అదే కలిగిరి మండలం. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు నాకు కొత్త ఉద్యోగం. పగలు పిల్లలకు, రాత్రి లాంతరు కింద వాళ్ళ అమ్మలకు చెప్పేవాళ్ళం. వాచకంలో సారా గురించి పాఠం ఉండేది. మా రాత్రి బళ్ళో ఒకామె కూలి డబ్బులెంత, అందులో ఇంటాయన సారాకు పోసిందెంత అని పలక మీద నెల లెక్క కూడింది. కూడి నాకు చూపించి, ‘అయ్యోరా, నేను కొత్తగా నేర్చినా గదా, ఈ కూడిక తప్పేమో చూడు’ అంది. తప్పు లేదు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా మీద ఆదాయం లేకపోతే ప్రభుత్వం ఎట్టా నడుస్తుందని అప్పుడు పెద్దపెద్దవాళ్ళు అడిగారు. కూడిక వచ్చిన ఆడవాళ్ళు ఆ ప్రశ్నకు జడవలేదు. మనం బడి డబ్బు లెక్క తల్లులకు చెప్పకుండా ఎందుకు దాస్తున్నామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దాచినందుకే కదా, ఆయన మనమే తింటున్నామనుకున్నాడు.

నువ్వు చెయ్యాల్సింది చిన్న పని. ఒక చార్టు తీసుకో. ఈ ఏడాది బడి ఖాతాలో ఎంత పడింది, ఏ తేదీన పడింది, దేనికి ఖర్చయింది, ఎంత బాకీ ఉంది, స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాయి. వంటామెకు రావాల్సిన బిల్లు ఎన్ని నెలలదో కూడా రాయి. మేడంకు చెప్పకుండా మాత్రం వద్దు. కమిటీ కన్వీనరు ఆమె, రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సింది ఆమె. ‘మీమీద అనుమానం రాకుండా ఉంటుంది మేడం’ అంటే ఒప్పుకుంటారు, ఎందుకంటే అది నిజం. ఆ చార్టులో విమర్శ ఒక్క ముక్క ఉండదు. అంకెలే ఉంటాయి. అంకెలు రాసినందుకు మెమో ఇవ్వడం కష్టం. ఎవరైనా తండ్రి మండలాఫీసులో సమాచార హక్కు కింద అడగాలనుకుంటే ఫీజు ఐదు రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ పని వాళ్ళది, నువ్వు దరఖాస్తు రాసిపెట్టకు.

చార్టు చూశాక ఆ పెద్దమనిషి ఏమంటాడో ఊహించగలను. ‘ఇంతేనా?’ అంటాడు. అప్పుడు నువ్వు మాట్లాడక్కర్లేదు. పక్కనున్న తల్లులు మాట్లాడతారు. మరి మా బిడ్డలకు ఇంకో టీచరు ఎందుకు లేదు, బాత్రూములో నీళ్ళెందుకు రావు, అని తీర్మానం రాయమంటారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో రాయి, చదివి వినిపించి సంతకాలు తీసుకో, ఒక నకలు మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో ఇచ్చి రసీదు వేయించుకో. ఎమ్మెల్యే ఊరికొచ్చినప్పుడు ఆ కాగితం పట్టుకుని ఎదురుపోవాల్సింది వాళ్ళు. అది చేసినా టీచరు వెంటనే వస్తుందని నేను మాటివ్వను. మా బడికి ట్యాపులు వచ్చాయి, టీచరు రాలేదు.

ఎన్నికల డ్యూటీ, జనాభా లెక్కలు, విపత్తుల పని తప్ప వేరే పనులు టీచరుకు పెట్టకూడదని 27వ సెక్షనుంది. దాని గురించి ఇంకోసారి రాస్తాను, అది పెద్ద పురాణం.

చివరగా, మీటింగు వేళ చూసుకో. మీ వైపు పొగాకు గ్రేడింగ్ మొదలైతే తల్లులు పొద్దున్నే పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గరికి పోతారు, పెద్దపిల్లల్ని చంటివాళ్ళకు కాపలా పెట్టి పోతారు. మధ్యాహ్నం మూడింటికి మీటింగు పెడితే నీకు ఛైర్మన్ మొగుడు, ఇద్దరు ముసలివాళ్ళు తప్ప ఎవరూ దొరకరు. రాత్రి ఏడింటికి పెట్టు. మేడం బస్సు ఆరింటికే పోతుందేమో, ఆ రాత్రికి ఆమెను మీ ఇంట్లో ఉండమను.